వంతెన దగ్గరే అసలు పరీక్ష: ఎన్‌జీస్పైస్ సిమ్యులేటర్‌పై ఒక సమీక్ష

తిరుపతిలోని ఒక ఇంజనీరింగ్ కళాశాల ఎలక్ట్రానిక్స్ ల్యాబ్‌లో పనిచేసే నేను, కంపారేటర్లూ (రెండు వోల్టేజీలను పోల్చే చిప్‌లు) కౌంటర్లూ (పల్సులను లెక్కించే చిప్‌లు) కలగలిసిన చిన్న సర్క్యూట్లను సోల్డరింగ్‌కు ముందే కంప్యూటర్‌లో నడిపి చూసుకోవడానికి ఏడాదిగా ఎన్‌జీస్పైస్‌ను వాడుతున్నాను. ఇది ఉచితంగా దొరుకుతుంది, సోర్స్ కోడ్ అందరికీ తెరిచి ఉంటుంది, విండోస్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తుంది. పైసా ఖర్చు లేని సరుకుకు సమీక్ష ఎందుకని అనిపించవచ్చు గానీ, దీనికి మనం చెల్లించేది డబ్బు కాదు, సమయం. ఆ సమయాన్ని ఎక్కడ ఖర్చు పెట్టాలో తెలియకపోతే మొత్తం వృథా అవుతుంది. వోల్టేజీ ఎంతైనా ఉండగల అనలాగ్ భాగానికీ, సున్నా-ఒకట్లతో నడిచే డిజిటల్ భాగానికీ మధ్య ఉన్న సరిహద్దును మనం ఎంత నిజాయితీగా రాస్తే ఈ సాఫ్ట్‌వేర్ అంత నిజం చెబుతుంది. రాయకపోతే అందమైన గ్రాఫు గీసి, మనల్ని ధైర్యంగా పొలం దాకా పంపించి, అక్కడ పరువు తీస్తుంది. నాకు రెండు అనుభవాలూ ఒకే సర్క్యూట్‌తో అయ్యాయి.

ఆ సర్క్యూట్ సంగతి ముందు చెప్పాలి. పాకాల దగ్గర మా మామ పొలంలో 5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ మోటారు దించిన బోరు ఒకటి ఉంది. త్రీఫేజ్ కరెంటు వచ్చిన మరుక్షణం ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న ఆటో స్టార్టర్లన్నీ ఒక్కసారే మోటార్లను ఎక్కిస్తాయి, వోల్టేజీ కుప్పకూలుతుంది, ఆ తక్కువ వోల్టేజీలో తిరగలేక మూలిగిన మోటార్లలో ఏదో ఒకటి వైండింగ్ షాపుకు చేరుతుంది. అందుకని, వోల్టేజీ ఒక హద్దుకు పైన ఉన్నప్పుడే, అదీ కరెంటు వచ్చిన మూడు నిమిషాల తర్వాతే స్టార్టర్‌కు అనుమతి ఇచ్చే బోర్డు ఒకటి చేయాలనుకున్నాను. ఒక్కో ఫేజ్‌ను 6 వోల్టుల చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌తో దించి, రెక్టిఫై చేసి, 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ మీదుగా ఎల్ఎం393 కంపారేటర్‌కు ఇచ్చాను. మెయిన్స్ 180 వోల్టుల కన్నా తగ్గితే కంపారేటర్ అవుట్‌పుట్ పైకి లేచి సీడీ4060 కౌంటర్‌ను రీసెట్ చేస్తుంది. 4060 ఆసిలేటర్‌కు 100 కిలోఓములు, 0.1 మైక్రోఫారడ్ పెడితే ఫ్రీక్వెన్సీ సుమారు 43.5 హెర్ట్జ్ వస్తుంది. 14వ దశ 8192 క్లాక్ పల్సుల తర్వాత పైకి లేస్తుంది కనుక ఆలస్యం 188 సెకన్లు అవుతుంది. అప్పుడు స్టార్టర్‌కు అనుమతినిచ్చే రిలే (విద్యుత్ స్విచ్) పడుతుంది, అంటే కలుస్తుంది. కాగితం మీద ఇంతకన్నా సులువైన సర్క్యూట్ ఉండదు.

స్పైస్ అనే మూల ప్రోగ్రామ్ 1970ల మొదట్లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ ప్రాంగణంలో లారెన్స్ నేగెల్, డొనాల్డ్ పెడర్సన్‌ల చేతుల్లో రూపుదిద్దుకుని 1973లో లోకానికి పరిచయమైంది. అది ప్రతి చిన్న కాలపు అడుగులోనూ అన్ని నోడ్‌ల (తీగలు కలిసే బిందువుల) సమీకరణాలనూ ఒకేసారి సాధిస్తుంది. ట్రాన్సిస్టర్లకు ఆ పద్ధతి సరైనదే గానీ, సెకనులో అధిక భాగం ఊరికే కూర్చునే కౌంటర్‌కు అది దండగ. జార్జియా టెక్‌లో తయారైన ఎక్స్‌స్పైస్ ఈ లోటును తీర్చింది. ఇన్‌పుట్ మారినప్పుడు మాత్రమే గేటును లెక్కించే రెండో యంత్రాన్ని అది స్పైస్ పక్కన నిలబెట్టింది. బర్క్‌లీ స్పైస్ మూడో తరాన్నీ ఈ ఎక్స్‌స్పైస్‌నూ కలుపుకుని ఎదిగినదే ఎన్‌జీస్పైస్. రెండు యంత్రాలకూ భాష వేరు: ఒకదానికి వోల్టులు తెలుసు, రెండోదానికి సున్నా, ఒకటి, తెలియదు అనే మూడు స్థాయిలూ, వాటి వెనుక నాలుగు రకాల బలాలూ మాత్రమే తెలుసు. కనుక రెండింటి మధ్య ప్రతి తీగ మీదా ఒక వంతెన కావాలి. అనలాగ్ నుంచి డిజిటల్‌కు పోయే వంతెనకు ఎన్ని వోల్టుల లోపు సున్నా, ఎన్ని వోల్టుల పైన ఒకటి అన్నది చెప్పాలి. ఆ మధ్యలో ఉన్న వోల్టేజీని అది నిస్సంకోచంగా ‘తెలియదు’ అంటుంది. తిరుగు వంతెనకు సున్నాకు ఎన్ని వోల్టులు, ఒకటికి ఎన్ని వోల్టులు, తెలియనప్పుడు ఎన్ని వోల్టులు ఇవ్వాలో చెప్పాలి.

కొత్త వెర్షన్లలో ఈ వంతెనలను సాఫ్ట్‌వేరే స్వయంగా పెట్టుకుంటుంది. సౌకర్యమే, కానీ నా సలహా ఏమిటంటే మొదటి నెల ఆ సౌకర్యాన్ని వాడకండి. 12 వోల్టుల మీద నడిచే 4000 వరుస సీమాస్ చిప్‌లకు (4060 ఆ కుటుంబమే) సున్నా హద్దు సప్లైలో దాదాపు 30 శాతం, ఒకటి హద్దు 70 శాతం, అంటే 3.6, 8.4 వోల్టులు. ఈ రెండు అంకెలనూ చేత్తో రాసినవాడికి తన సర్క్యూట్ ఎక్కడ తడబడుతుందో సగం అక్కడే అర్థమవుతుంది.

నేను మొదట చేసిన సిమ్యులేషన్‌లో మెయిన్స్‌ను ఒక ఆదర్శ సోర్స్‌గా పెట్టి, కొంతసేపు 220 వోల్టులు, కొంతసేపు 170 వోల్టులు ఇచ్చాను. తగ్గగానే రీసెట్, పెరగగానే లెక్క మొదలు, లెక్క పూర్తికాగానే రిలే: గ్రాఫు పాఠ్యపుస్తకంలో బొమ్మలా వచ్చింది. విడిభాగాలు ఊళ్లోనే కొని, బోర్డు చేసి, ఆదివారం వెళ్లి బిగించి వచ్చాను. మంగళవారం మామ ఫోన్ చేసి, “అల్లుడా, నీ పెట్టి మూడు నిమిషాలకొకసారి మోటారును తట్టి లేపి మళ్లీ పండబెడతా ఉండాది” అన్నాడు. ఆ వాక్యం నేను చదివిన ఏ లోప నివేదిక కన్నా స్పష్టంగా ఉంది.

తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు, నేను పెట్టిన పరీక్షది. నా సిమ్యులేషన్‌లో రిలే పడినా మెయిన్స్‌కు ఏమీ కాదు. పొలంలో రిలే పడితే మోటారు మామూలు కరెంటుకు ఐదారు రెట్లు లాగుతుంది, పొడవాటి లైను మీద వోల్టేజీ జారుతుంది, జారిన వోల్టేజీని నా కంపారేటర్ చూస్తుంది. అనలాగ్ నుంచి డిజిటల్‌కు, డిజిటల్ నుంచి రిలే ద్వారా తిరిగి అనలాగ్‌కు పోయే ఆ వలయాన్ని నేను మూయనే లేదు. మరుసటి రోజు కూర్చుని ఒక్కో ఫేజ్‌లో లైను నిరోధంగా 1 ఓము పెట్టి, రిలేను వోల్టేజీతో నడిచే స్విచ్‌గా రాసి, దాని వెనుక మోటారు స్టార్టింగ్ భారంగా 4 ఓములు, రెండు సెకన్ల తర్వాత 29 ఓములు వచ్చేలా అమర్చాను. 220 వోల్టుల దగ్గర అది 44 ఆంపియర్లు లాగుతుంది, మీటరు దగ్గర వోల్టేజీ 176కు పడుతుంది. నా హద్దు 180. నడపగానే తెర మీద మామ మాట అక్షరాలా కనబడింది: రిలే పడుతుంది, ఫిల్టర్ కెపాసిటర్ దిగడానికి పట్టే 55 మిల్లీసెకన్ల తర్వాత కంపారేటర్ తిరుగుతుంది, కౌంటర్ సున్నాకు పోతుంది, రిలే ఊడుతుంది, వోల్టేజీ కోలుకుంటుంది, లెక్క మళ్లీ మొదటి నుంచి. ఈ సాఫ్ట్‌వేర్ మీద నాకు గౌరవం కలిగింది ఆ నిమిషంలోనే. రెండు యంత్రాలూ ఒకదాని సమయాన్ని ఒకటి గౌరవిస్తూ ఆ వలయాన్ని ఎక్కడా తడబడకుండా తిప్పాయి.

మందు సులువుగా తోచింది. ఎల్ఎం393 ఓపెన్ కలెక్టర్ (అవుట్‌పుట్‌ను కిందికి లాగగలదే గానీ పైకి ఎత్తలేదు) కనుక, దాన్ని పైకి ఎత్తే పుల్‌అప్ నిరోధాన్ని 470 కిలోఓములు చేసి, ఆ నోడ్ నుంచి గ్రౌండ్‌కు 10 మైక్రోఫారడ్ పెట్టి, కంపారేటర్ కాలికి వరుసలో 1 కిలోఓము ఇచ్చాను. వోల్టేజీ బాగుంటే కంపారేటర్ కెపాసిటర్‌ను వెంటనే ఖాళీ చేస్తుంది. చెడితే అది నెమ్మదిగా నిండుతుంది, కొన్ని సెకన్ల పాటు చెడ్డ వోల్టేజీ నిలిస్తేనే రీసెట్ అవుతుంది. హద్దు దగ్గర ఆరేడు వోల్టుల మేర, ఫిల్టర్ మీద మిగిలిన 100 హెర్ట్జ్ రిపుల్ (వోల్టేజీ అల) వల్ల కంపారేటర్ సెకనుకు వంద సార్లు ఊగిసలాడే జబ్బు కూడా దీనితోనే కుదిరింది.

నడిపి చూస్తే మోటారు ఎక్కిన 1.7 సెకన్ల తర్వాత కౌంటర్ అవుట్‌పుట్లన్నీ గ్రాఫులో సున్నా కాకుండా, ఒకటి కాకుండా, సరిగ్గా సగం ఎత్తున నిలిచిపోయాయి. ఎన్‌జీస్పైస్ గ్రాఫులో ‘తెలియదు’ అన్న స్థితిని 0.5గా గీస్తుంది. మొదట దాన్ని సాఫ్ట్‌వేర్ మొండితనం అనుకున్నాను. లెక్క వేసుకున్నాక సిగ్గేసింది. 4.7 సెకన్ల కాల స్థిరాంకంతో (నిరోధాన్ని కెపాసిటర్ విలువతో గుణిస్తే వచ్చేది) 12 వోల్టుల వైపు ఎక్కే నోడ్ 3.6 వోల్టులను 1.7 సెకన్లకు దాటుతుంది, 8.4ను చేరడానికి 5.7 సెకన్లు పడుతుంది. అంటే దాదాపు నాలుగు సెకన్ల పాటు 4060 రీసెట్ కాలు ఎటూ తేలని వోల్టేజీలో వేలాడుతుంది, మోటారు స్టార్టింగ్ రెండు సెకన్లు సరిగ్గా ఆ సందులో పడుతుంది. ఒక చిప్ 2 సెకన్లకు ముందే రీసెట్ కావచ్చు, పక్క చిప్ 5 సెకన్ల దాకా ఆగవచ్చు. బెంచి మీద ఒక్క చిప్‌తో పరీక్షించి ఉంటే అది అదృష్టవశాత్తూ పనిచేసేదేమో, నేను దాన్నే విజయమని నమ్మేవాడిని. ఆ సగం ఎత్తు గీత నా అదృష్టాన్ని ఒప్పుకోలేదు.

మధ్యలో సీడీ4093 ష్మిట్ గేట్లు (ఎక్కడానికి ఒక హద్దు, దిగడానికి వేరే హద్దు ఉన్నవి) రెండింటిని వరుసగా పెట్టడంతో అది తీరింది. ఎన్‌జీస్పైస్‌లో అనలాగ్-డిజిటల్ వంతెనకు సొంత హిస్టెరిసిస్ (ఆ రెండు హద్దుల మధ్య ఎడం) లేదు గానీ, ఎక్స్‌స్పైస్ నుంచి వచ్చిన హిస్టెరిసిస్ బ్లాకు ఒకటి ఉంది. దాన్ని వంతెనకు ముందు పెడితే ష్మిట్ గేటు నడక వస్తుంది. పై హద్దు 7 వోల్టుల చుట్టూ పెడితే నిర్ణయం 4 సెకన్ల దగ్గర, ఎటువంటి సందేహమూ లేకుండా, ఒకే గీతగా తేలింది.

అంతటితో అయిపోయిందనుకున్నవాడికి ఇంకొకటి మిగిలింది, దీన్ని మాన్యువల్ చదివితే తప్ప పట్టుకోలేం. కౌంటర్‌ను కట్టే, ఒక్కో బిట్‌ను గుర్తుంచుకునే ఇందులోని ఫ్లిప్-ఫ్లాప్ మోడళ్లన్నిటికీ మొదటి స్థితిని చెప్పే ఐసీ (ఇనిషియల్ కండిషన్, చిప్ అనే అర్థంలో కాదు) అనే పారామీటర్ ఒకటి ఉంటుంది, మనం ఏమీ రాయకపోతే అది సున్నా. కనుక సిమ్యులేషన్‌లో ప్రతి కౌంటర్ బుద్ధిమంతుడిలా సున్నా నుంచే లేస్తుంది. నిజమైన 4060 కరెంటు వచ్చినప్పుడు ఏ అంకెతో లేస్తుందో దానికే తెలియదు. ఐసీని 2 చేస్తే ‘తెలియదు’తో మొదలవుతుంది. అలా మార్చి నడిపితే 14వ దశ ఎప్పటికీ సగం ఎత్తునే ఉండిపోయింది. కారణం వెతికితే నవ్వు వచ్చింది: నా పాత సర్క్యూట్‌లో ఫిల్టర్ నిండేలోపు కంపారేటర్ కాసేపు పైన ఉండి కౌంటర్‌ను తనకు తెలియకుండానే రీసెట్ చేసేది, నేను పెట్టిన కొత్త కెపాసిటర్ ఆ మేలును మింగేసింది. అలాగే బిగించి ఉంటే ఏదో ఒక రోజు కరెంటు రాగానే 4060 చివరి దశ ఒకటితో లేచి, మోటారు అందరితో పాటే ఎక్కేసేది. అంటే బోర్డు దేనికోసం పుట్టిందో అదే జరిగేది కాదు. మందు ఖర్చు సున్నా: కెపాసిటర్ రెండో కాలును గ్రౌండ్ నుంచి తీసి, ధ్రువాలు మార్చి, 12 వోల్టులకు కలిపాను. కాల స్థిరాంకం మారదు, కానీ సప్లై లేచేటప్పుడు నోడ్ కూడా దానితో పాటే పైకి లేచి కౌంటర్‌ను ముందుగా రీసెట్ చేస్తుంది. ఎన్‌జీస్పైస్ వాడేవారు ఎవరైనా ఈ సమీక్షలో ఒక్క మాటే గుర్తుపెట్టుకుంటే అది ఐసీని 2 చేసి ఒకసారి నడపమన్న మాట కావాలి.

వేగం విషయంలో ఓపిక కావాలి. 188 సెకన్ల ఆలస్యం అంటే 50 హెర్ట్జ్ మెయిన్స్‌లో 9400 చక్రాలు, ఒక్కో చక్రానికి వంద అడుగులు వేసినా పది లక్షల దాకా. డిజిటల్ భాగం ఎంత చురుకుగా ఉన్నా అనలాగ్ భాగం ఆ భారాన్ని మోయక తప్పదు, ఫలితాల ఫైలు కూడా ఉబ్బిపోతుంది. నేను 14వ దశకు బదులు 7వ దశ నుంచి రిలేకు తీగ ఇచ్చి, ఆలస్యాన్ని 1.47 సెకన్లకు కుదించి, అన్ని పరీక్షలూ పది సెకన్ల సర్క్యూట్ కాలంలో ముగించాను. నాకు కావలసిన ఐదారు నోడ్‌లను మాత్రమే భద్రపరచమని చెప్పాను. పూర్తి నిడివి పరుగు ఒక్కటే ఒక్కసారి, రాత్రి భోజనానికి లేచేటప్పుడు పెట్టాను.

ఎన్‌జీస్పైస్‌కు బొమ్మలతో పనిలేదు, నెట్‌లిస్టును (ఏ భాగం ఎక్కడ కలుస్తుందో చెప్పే జాబితాను) అక్షరాలతో రాయాలి. మొదటి వారం విద్యార్థులు దీని దగ్గరే వెనక్కి తగ్గుతారు. సర్క్యూట్ బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ కైక్యాడ్‌లో, 2018లో వచ్చిన 5వ వెర్షన్ నుంచి ఇదే యంత్రం లోపలే ఉంది కనుక బొమ్మ గీసి నడిపే దారి కూడా ఉంది, కానీ వంతెనలూ ఫ్లిప్-ఫ్లాప్‌లూ ఎక్కువైనప్పుడు నాకు అక్షరాలే సుఖంగా ఉన్నాయి. కంపెనీలు ఇచ్చే ఆప్-ఆంప్, కంపారేటర్ మోడళ్లు ఎక్కువగా పీస్పైస్ అనే మరో సిమ్యులేటర్ పద్ధతిలో ఉంటాయి. పొంతన సెట్టింగ్ ఒకటి మార్చితే చాలావరకు నడుస్తాయి. దోష సందేశాలు మాత్రం కఠినం. కాలపు అడుగు మరీ చిన్నదైపోయిందని ఒక నోడ్ పేరు చెప్పి ఆగిపోతుంది, ఆ నోడ్‌కూ అసలు తప్పుకూ చుట్టరికం చాలాసార్లు దూరపుదే. మెయిన్స్‌ను ఒక్క క్షణంలో నిట్టనిలువుగా దూకించకుండా ఒక మిల్లీసెకను వాలు ఇవ్వడం, గాలిలో వేలాడే నోడ్‌లకు పెద్ద నిరోధం ఒకటి గ్రౌండ్‌కు కట్టడం అనే రెండు అలవాట్లతో నాకు తొంభై శాతం గొడవలు తగ్గాయి. డిజిటల్ నోడ్‌ల మార్పులను వీసీడీ ఫైలుగా రాయించి, అలాంటి ఫైళ్లను గీతలుగా చూపే జీటీకేవేవ్‌లో తెరిస్తే లాజిక్ అనలైజర్ చూసినంత హాయిగా ఉంటుంది. దీనికి పూర్తి మార్కులు.

దీనికి చేతకానివీ ఉన్నాయి. ఎక్స్‌స్పైస్ గేట్లకు సప్లై కాలు ఉండదు. 12 వోల్టులు 7కు జారినప్పుడు 4060 ఏం చేస్తుందన్నది ఇక్కడ అడగలేని ప్రశ్న. గేటు సప్లై నిండుగా ఉన్నట్టే పనిచేస్తూ పోతుంది. అలాగే డిజిటల్ ఆసిలేటర్‌కు కెపాసిటర్ తేడాలు తెలియవు. సిమ్యులేషన్‌లో 188 సెకన్లు వచ్చిన ఆలస్యం బెంచి మీద స్టాప్‌వాచ్‌తో 201 వచ్చింది, 0.1 మైక్రోఫారడ్ అని ముద్ర ఉన్న కెపాసిటర్ ఆ విలువను పాటించాలని ఏమీ లేదు. అంతకన్నా పెద్దది: నేను రాసిన మోటారు మోటారు కాదు, రెండు నిరోధాలు. తిరుగుతున్న త్రీఫేజ్ మోటారుకు ఒక ఫేజ్ పోతే, పోయిన ఫేజ్‌లో కూడా మోటారే కొంత వోల్టేజీని పుట్టిస్తుంది, కనుక వోల్టేజీ చూసే బోర్డు దాన్ని గమనించకపోవచ్చు. నా సిమ్యులేషన్‌లో సింగిల్ ఫేజింగ్ (ఇలా ఒక ఫేజ్ పోవడం) పరీక్ష ప్రతిసారీ నెగ్గింది, అందుకే దాన్ని నేను లెక్కలోకి తీసుకోలేదు; ఆ పనికి కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్‌తో వేరే బోర్డు చేస్తున్నాను.

పక్కన పెట్టి చూసిన వాటిలో ఎల్‌టీస్పైస్ కూడా ఉచితమే, అనలాగ్ పనిలో దానికి వేగం ఎక్కువ, బొమ్మ గీయడం సులువు. దాని లాజిక్ గేట్లు మనం చెప్పకపోతే 0, 1 వోల్టుల మధ్యే ఆడతాయి. 12 వోల్టుల సర్క్యూట్‌లో ఆ సంగతి మరచిన విద్యార్థులను ప్రతి ఏడాదీ చూస్తాను. క్యూస్పైస్ 2023లో వచ్చింది, డిజిటల్ బ్లాకును సీ++లోనో వెరిలాగ్‌లోనో రాసుకోవచ్చు. మైక్రోకంట్రోలర్ తరహా లాజిక్ ఉన్నవారు దాన్ని చూడవచ్చు. ఐఐటీ బొంబాయిలోని ఫాస్సీ బృందం తయారుచేసిన ఈసిమ్ లోపల నడిచేది ఎన్‌జీస్పైసే, దానికి వీహెచ్‌డీఎల్, వెరిలాగ్ బ్లాకులను జోడించే దారి కూడా అందులో ఉంది. బొమ్మతో మొదలుపెట్టాలనుకునే విద్యార్థికి అదే సరైన గుమ్మం. నాకు మాత్రం వంతెనను నా చేత్తో రాయనిచ్చే ఎన్‌జీస్పైసే నచ్చింది. ఐదుకు నాలుగు ఇస్తాను, తగ్గించిన ఒకటి ఆ దోష సందేశాలకు.

4093 కలిపిన రెండో బోర్డును శివరాత్రికి ముందు పాకాలలో బిగించాను. ఈ సెమిస్టర్‌లో ఆ నెట్‌లిస్టునే పుల్‌అప్‌ను 47 కిలోఓములకు మార్చి, కెపాసిటర్ కాలును తిరిగి గ్రౌండ్‌కు కలిపి, ఐసీ గీతను తీసేసి విద్యార్థులకు ఇచ్చాను. ఇరవై నాలుగు మందిలో ఇప్పటివరకు ముగ్గురు మొదటి తప్పును పట్టుకున్నారు, రెండోదాన్ని ఇంకా ఎవరూ అడగలేదు.